ప్రోగ్రాం రాయకుండా ఆట: క్విల్, పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్ కాలం నాటి పనిముట్లపై చర్చ

రేగడినేల (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. 1980లలో ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్ల కోసం, ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా సొంతంగా ఆటలు తయారు చేసుకోవచ్చంటూ అమ్మిన సాఫ్ట్‌వేర్ గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. దొరికిన వాటిని ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాంలో, పెట్టి చూస్తున్నాను కూడా. కమడోర్ 64 కోసం సెన్సిబుల్ సాఫ్ట్‌వేర్ వారు 1987లో చేసిన షూట్ ఎమ్ అప్ కన్‌స్ట్రక్షన్ కిట్‌తో (కాల్చే ఆటలు తయారుచేసే పనిముట్టు) ఎవరెవరో తయారుచేసిన ఆటలు పదిహేను దాకా ఆడిన తరువాత నాకొక సందేహం పట్టుకుంది. విమానం బొమ్మ మారింది, శత్రువుల బొమ్మలు మారాయి, నేల రంగు మారింది. ఆట మాత్రం మారలేదు. ఒకే అచ్చులో పోసిన చక్కెర చిలకలకు తలా ఒక రంగు పూసినట్టుంది. ఇలాంటి పనిముట్టుతో చేసినదాన్ని చేసినవారి ఆట అనవచ్చునా, లేక పనిముట్టు రాసినవారి ఆటకే మనం ముస్తాబు చేశామనుకోవాలా? ఆ యంత్రాల లోతుపాతులు తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

మదర్‌బోర్డు_మామయ్య

మంచి ప్రశ్న వేశారు, అయితే అచ్చు ఒకటే కావడానికి కారణం బద్ధకం కాదు. కమడోర్ 64లో బొమ్మలు కదిలించే చిప్ ఒకేసారి ఎనిమిది స్ప్రైట్లను, అంటే నేపథ్యం మీద విడిగా కదిలే చిన్న బొమ్మలను, మాత్రమే చూపగలదు. ఒక్కో స్ప్రైట్ కొలత 24 అడ్డం, 21 నిలువు చుక్కలు. ఎక్కువ రంగులు కావాలంటే అడ్డం 12 చుక్కలకు దిగిపోతుంది. అంతకు మించి శత్రువులు కనిపించాలంటే, తెర పైభాగం గీయడం ముగిసిన వెంటనే అదే స్ప్రైట్‌ను కింది భాగంలో మళ్లీ వాడుకునే కిటుకు అవసరం. చేయి తిరిగిన ప్రోగ్రామర్ తన ఆటలో ఏ శత్రువు ఎప్పుడు ఎక్కడికి వస్తుందో ముందే తెలిసినవాడు కనుక దానికి సరిపడా ఆ కిటుకును మలుచుకుంటాడు. పనిముట్టు రాసేవాడికి ఆ వీలు లేదు. రేపు ఎవరు ఏ బొమ్మను ఎక్కడ పెడతారో అతనికి తెలియదు. అందుకే ఆ కిట్ రాసిన సెన్సిబుల్ వారు జోన్ హేర్, క్రిస్ యేట్స్, ఎవరు ఏం చేసినా కూలిపోని ఒక పద్ధతిని ఎంచుకున్నారు. తెర నిలువుగా జరుగుతుంది లేదా ఆగి ఉంటుంది, ఇద్దరు ఆడవచ్చు, చప్పుళ్లు ఉంటాయి, ఆట సాగుతున్నప్పుడు సంగీతం ఉండదు. అడ్డంగా జరగాలన్నవారు తరువాతి కాలంలో దాని లోపలి కోడ్‌ను విప్పి మార్చుకోవలసి వచ్చింది.

కాబట్టి మీరు చూసిన పోలిక, ఆట తయారుచేసినవారి ఊహ తక్కువై వచ్చినది కాదు. పనిముట్టు ఎన్ని నిర్ణయాలు ముందే తీసేసుకుంటే అంత పోలిక వస్తుంది.

గోలీసోడా64

మామయ్య గారు చెప్పినదానికి ఒక అడుగు వెనక్కి వెళ్లి పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్ చూడాలి. మన వైపు క్యారంబోర్డు తెలిసినంతగా పిన్‌బాల్ బల్ల తెలియదు కనుక క్లుప్తంగా చెబుతాను: వాలుగా ఉన్న గాజుబల్ల కింద ఇనుప గుండు దొర్లుతూ అడ్డంకులకు తగిలి పాయింట్లు తెస్తుంది, అది కింది బొరియలో పడకుండా రెండు రెక్కలతో పైకి కొడుతూ ఉండాలి. బిల్ బడ్జ్ 1981లో ఆపిల్ 2 కోసం రాస్టర్ బ్లాస్టర్ అనే పిన్‌బాల్ ఆట రాశారు. ఆ తరువాత ఒక బల్లను కాక బల్లలు చేసే కార్ఖానానే రాయాలని సంకల్పించారు. మొదట తన సొంత సంస్థ ద్వారా అమ్మిన ఆ సాఫ్ట్‌వేర్‌ను 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ప్రచురించింది.

తెరకు ఒక పక్క ఖాళీ బల్ల, మరో పక్క విడిభాగాల వరుస ఉంటాయి. చేతి ఆకారంలో ఉన్న గుర్తును జాయ్‌స్టిక్‌తో జరిపి, భాగాన్ని పట్టుకుని, తెచ్చి బల్ల మీద వదలాలి. ఈనాడు మనం ఫోనులో వేలితో చేసే పనే ఇది. మాకింటాష్ బజారులోకి రాకముందే 48 కిలోబైట్ల యంత్రంలో సాధించారు. గోడల అంచులను లాగి ఏ ఆకారానికైనా వంచవచ్చు. గురుత్వాకర్షణ, గుండు వేగం, అది తగిలి ఎగిరే తీరు వంటివి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చినది తీగల పేటిక: ఈ మూడు గురులూ తగిలితేనే బోనస్ రావాలి అనుకుంటే వాటిని లాజిక్ గేటుకు తీగలతో కలపాలి. ప్రోగ్రాం రాస్తున్నామన్న స్పృహ లేకుండానే పిల్లలు 'ఇదీ అదీ రెండూ జరిగితే' అనే షరతును నిర్మించేవారు.

రేగడినేల గారూ, గుండు ఎప్పుడూ గుండే, రెక్కలు ఎప్పుడూ రెక్కలే. అయినా గురుత్వాకర్షణ తగ్గించిన బల్లకూ పెంచిన బల్లకూ ఆటతీరులో ఎంత తేడా ఉంటుందో ఒకసారి ఆడి చూడండి. అక్కడ మారేది పూత కాదు, నడక.

సున్నా_ఒకటి

నేను ఏకీభవించలేకపోతున్నాను. గురుత్వాకర్షణను ఒక మీటగా బయట పెట్టాలన్న ఆలోచన కూడా బడ్జ్‌దే కదా. తయారీ అనే మాటకు అర్థం ఉండాలంటే పనిముట్టు రాసినవారు ఊహించనిది ఒక్కటైనా రావాలి. ఆ లెక్కన నాకు గ్యారీ కిచెన్ గేమ్ మేకర్ ఒక్కటే నిలుస్తుంది. 1985లో యాక్టివిజన్ ప్రచురించినది. కిచెన్ అంతకుముందు అటారీ 2600కు డాంకీ కాంగ్‌ను తెచ్చినవారు. అందులో బొమ్మలకు, నేపథ్యానికి, సంగీతానికి, చప్పుళ్లకు విడివిడి ఎడిటర్లు ఉన్నాయి. వాటన్నిటినీ కలిపేందుకు ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఆదేశాలను టైపు చేయనక్కరలేదు, జాబితాలోంచి ఎంచుకోవాలి, కనుక అక్షరదోషం వల్ల ప్రోగ్రాం ఆగే ప్రమాదం లేదు. తమ పేరున్న పిట్‌ఫాల్ ఆటనే ఆ పనిముట్టుతో మళ్లీ చేసి నమూనాగా జతచేశారంటే దాని మీద వారికెంత నమ్మకమో తెలుస్తుంది. అయితే దాన్ని వాడటానికి ప్రోగ్రామర్‌లా ఆలోచించక తప్పదు. అంటే ఎక్కడ నిజమైన తయారీ మొదలవుతుందో అక్కడ 'ప్రోగ్రామింగ్ అక్కరలేదు' అన్న ప్రకటన అబద్ధమవుతుంది. ఈ రెండూ ఒకే ఒరలో ఇమడవు.

బారీ_దరి

చాలా కాలంగా చదువుతూ మాత్రమే ఉన్నాను, ఈ చివరి వాక్యం చూసి రాయక తప్పలేదు. మా నాన్నగారు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేయడం వల్ల నా బాల్యం దక్షిణ వేల్స్‌లో గడిచింది. బారీ అనే రేవు పట్టణం మాకు బస్సు దూరం. అక్కడి గిల్‌సాఫ్ట్ అనే చిన్న సంస్థ 1983లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ కోసం, మాటలతో నడిచే ఆటలు తయారుచేసే ద క్విల్ అనే ప్రోగ్రాంను క్యాసెట్ మీద అమ్మింది. ధర 14 పౌండ్ల 95 పెన్సులు. రెండు పుట్టినరోజుల కానుక కలిపి కొనుక్కున్నాను.

దాన్ని రాసినవారు గ్రేమ్ యాండిల్. 1980 ఆగస్టు నాటి ప్రాక్టికల్ కంప్యూటింగ్ పత్రికలో కెన్ రీడ్ అనే ఆయన, డిస్కు లేని చిన్న యంత్రంలో టెక్స్ట్ అడ్వెంచర్ (వర్ణన చదివి, ఆదేశాలు టైపు చేస్తూ ఆడే కథ) ఎలా ఇమడ్చవచ్చో వివరిస్తూ వ్యాసం రాశారు. ఆటలోని గదులు, వస్తువులు, మాటలు, షరతులు అన్నీ పట్టికలలో ఉండాలి, ఆ పట్టికలను చదివి నడిపించే ప్రోగ్రాం విడిగా ఉండాలి అన్నది అందులోని ఊహ. యాండిల్ ఆ పద్ధతిలో మొదట టైమ్‌లైన్ అనే ఆట రాశారు. పట్టికలు మారిస్తే మరో ఆట అవుతుంది కదా అన్న తరువాతి అడుగే క్విల్. నడిపించే ప్రోగ్రాం యంత్రం నేరుగా అర్థం చేసుకునే మెషీన్ కోడ్‌లో ఉండటం వల్ల, బేసిక్ అనే సులువు భాషలో రాసిన అడ్వెంచర్లలాగా ఒక్కో మాటకు క్షణాల తరబడి ఆలోచించేది కాదు.

పట్టికలో ఒక వరుస ఎలా ఉంటుందో చెబుతాను. ముందు రెండు మాటలు: తలుపు, తెరువు. తరువాత షరతులు: ఆటగాడు 4వ గదిలో ఉండాలి, 2వ వస్తువు చేతిలో ఉండాలి. తరువాత పనులు: 11వ ఫ్లాగును ఎత్తు, 7వ సందేశం చూపించు. అంతే. ఫ్లాగు అంటే ఏం జరిగిందో గుర్తుంచుకునే ఒక సంఖ్యల గడి. ఆటగాడి ఆదేశంతో నిమిత్తం లేకుండా ప్రతి మలుపులోనూ, అంటే ఆటగాడి వంతు వచ్చిన ప్రతిసారీ, చూసే పట్టిక మరొకటి. దెయ్యాలు, వరదలు, ఆకలి అన్నీ అందులోనివే. కొన్ని ఫ్లాగులు మలుపుకు ఒకటి చొప్పున వాటంతటవే తగ్గుతాయి కనుక దీపంలో నూనె అయిపోవడం సులువు. సున్నా సంఖ్య గల వస్తువు ఎప్పుడూ దీపమే, సున్నా సంఖ్య గల ఫ్లాగు ఎప్పుడూ చీకటే. పనిముట్టు ముందే తీసుకున్న నిర్ణయాల్లో పెద్దవి ఇంచుమించు ఇవే.

దీనిని ప్రోగ్రామింగ్ అనండి, అనకపోండి. పన్నెండేళ్ల పిల్లవాడిని నేను దాన్ని కథ రాయడమనే అనుకున్నాను. ఆట అమ్ముకున్నా గిల్‌సాఫ్ట్ వాటా అడగలేదు. క్విల్‌తో చేశామని ఒక మాట చెబితే చాలంది. ఆ వెసులుబాటుతో కొన్ని వందల ఆటలు బజారుకు వచ్చాయి. 1986లో సీఆర్‌ఎల్ అనే సంస్థ ప్రచురించిన డ్రాక్యులా అనే భయపెట్టే ఆట వాటిలోదే. సినిమాలకు సర్టిఫికెట్లిచ్చే బ్రిటిష్ బోర్డు దానికి 15 ఏళ్ల పరిమితి విధించింది. ఆ భయం అంతా పనిముట్టు రాసినవారు ఊహించి పెట్టినది కాదు కదా, సున్నా_ఒకటి గారూ.

సున్నా_ఒకటి

బారీ గారూ, ఆ భయం వాక్యాలలోది, ఆటలోది కాదు. టైప్‌రైటర్ కొనుక్కుని కథ రాసినవారిని యంత్రం తయారు చేశారంటామా? అయినా పట్టికల ఊహ నాకు తెలియనిది, అందుకు కృతజ్ఞతలు.

పలకాబలపం

మన ఊళ్లలో ఇవేవీ దొరికేవి కావు కనుక నా అనుభవం వేరు. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ అనే, బళ్లలో కంప్యూటర్ పరిచయం చేసే పథకం కింద మా బడికి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వారానికి ఒక పీరియడ్, యంత్రానికి నలుగురం. ఆట తయారుచేసే క్యాసెట్ మా దాకా రాలేదు. పత్రికలో అచ్చయిన బేసిక్ ప్రోగ్రాంను ఒకరు చదువుతూ ఉంటే ఒకరు కొట్టేవారు, గంట మోగేసరికి ఎప్పుడూ సగమే అయ్యేది.

ఆ యంత్రం మీద ఒక లెక్క మాత్రం గుర్తుంది. మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. ఎనిమిది రంగులు చూపే బొమ్మల తెర ఎంచుకుంటే అందులో 20 కిలోబైట్లు తెరకే పోతాయి. టెలిటెక్స్ట్ తెర, అంటే 25 వరుసలు, వరుసకు 40 అక్షరాలు, ఒక్క కిలోబైట్‌తో సరిపెట్టుకుంటుంది. కాబట్టి ఆనాడు మాటలతో నడిచే ఆట చేయడం అభిరుచి మాత్రమే కాదు, సరుకు నిల్వకు చోటు చూసుకోవడం. గదికి 300 అక్షరాల వర్ణన రాస్తే వంద గదులకు 30,000 బైట్లు. బారీ గారూ, మీ స్పెక్ట్రమ్‌లో ఎలా సరిపెట్టారు?

బారీ_దరి

వర్ణనలు కోసుకోవడమే. విశేషణాలు మొదట పోయేవి. అక్షరాలను కుదించే ప్రెస్ అనే తోడు ప్రోగ్రాంను తరువాత గిల్‌సాఫ్ట్ అమ్మింది కానీ నా దగ్గర ఉండేది కాదు. 1984లో వచ్చిన ఇలస్ట్రేటర్‌తో బొమ్మలు కూడా చేర్చవచ్చు, అయితే బొమ్మకు ఇచ్చిన ప్రతి బైటూ కథ నుంచి తీసినదే.

మీ టైప్‌రైటర్ పోలికకు జవాబుగా, సున్నా_ఒకటి గారూ, ఇంతవరకు ఎక్కడా రాయని సంగతి ఒకటి చెబుతాను. వేసవి సెలవుల్లో మా అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చి మూడు నెలలు ఉంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆవిడ ఆడాలని నేను క్విల్‌లో తెలుగు ఆట చేశాను, ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాటలు. పేదరాశి పెద్దమ్మ ఇల్లు, ఏరు, గుడి, మర్రిచెట్టు తొర్ర. ఆవిడ చెప్పేది, నేను కొట్టేవాడిని.

ఇంగ్లీషు ఆటలన్నిటిలో క్రియ ముందు, వస్తువు తరువాత. తెలుగులో తిరగబడుతుంది కనుక కుదరదనుకున్నాను. అయితే క్విల్‌కు క్రియ అంటే ఏమిటో, నామవాచకం అంటే ఏమిటో తెలియదు. వాక్యంలో తన పట్టికలో ఉన్న మొదటి రెండు మాటలను తీసుకుని వాటి సంఖ్యలు చూస్తుంది, అంతే. 'తలుపు తెరువు' అని పట్టికలో రాస్తే అదే క్రమంలో ఒప్పుకుంది. ఇంకా విచిత్రం: అది ప్రతి మాటలో మొదటి నాలుగు అక్షరాలే చూస్తుంది. ఇంగ్లీషువారు మెమరీ ఆదా కోసం పెట్టుకున్న ఆ నియమం మన విభక్తులను మింగేసింది. దీపం అన్నా, దీపాన్ని అన్నా, దీపంతో అన్నా మొదటి నాలుగు అక్షరాలు డి, ఇ, ఇ, పి. అమ్మమ్మ ఎలా చెప్పినా యంత్రానికి అర్థమయ్యేది. యాండిల్ గారు తెలుగు కోసం రాశారని ఎవరూ అనరు. మీరు కోరిన 'ఊహించనిది ఒక్కటి' ఇదేనని నా మనవి.

సున్నా_ఒకటి

ఇది ఒప్పుకుంటాను. క్రియ, నామవాచకం అనే భేదం పెట్టకపోవడమే కలిసివచ్చింది. అదే గిల్‌సాఫ్ట్ తరువాత తెచ్చిన ప్రొఫెషనల్ అడ్వెంచర్ రైటర్ అయితే మాటలను జాతులుగా విడదీసేది, ఐదు అక్షరాలు చూసేది. మెరుగైన పనిముట్టులో మీ అమ్మమ్మగారికి చిక్కులు వచ్చేవేమో. తెలివి పెరిగినకొద్దీ ఒక భాష వ్యాకరణం లోపల గట్టిపడుతుంది. నా మొదటి వాదనను పూర్తిగా వదలను గానీ, పనిముట్టు శక్తిని అందులో ఉన్న సదుపాయాల సంఖ్యతో కొలవడం పొరపాటని తెలిసింది.

గోలీసోడా64

ఈ కోణంలో చూస్తే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి అడ్వెంచర్ కన్‌స్ట్రక్షన్ సెట్ రెండో కొసన నిలుస్తుంది. స్టూవర్ట్ స్మిత్ 1984లో చేసిన ఆ పనిముట్టు, మనం సగంలో వదిలిన ఆటను తనే పూర్తిచేసి పెట్టగలదు. జతగా ఇచ్చిన నమూనా ఆట గిల్గమేష్ నాటి పురాతన ప్రపంచం మీద అల్లినది, చాలా మంచిది. అయితే మిగతా సగం అది పూరించినప్పుడు అది ఎవరి కథ అన్నది రేగడినేల గారి ప్రశ్నకు మరింత కఠినమైన రూపం.

రేగడినేల

అందరికీ కృతజ్ఞతలు. నేను ఆడిన పదిహేను ఆటల్లో ఒకదానిలో శత్రువులు అసలు కాల్చకుండా, ఆటగాడి దారికి అడ్డంగా గోడల్లా నిలబడి జరుగుతూ ఉంటారు. కాల్చే ఆటల కిట్‌లో దారి వెతుక్కునే ఆట అది. దాన్ని లోపమనుకుని పక్కన పెట్టాను, రాత్రి మళ్లీ ఆడాను. లోపం కాదు. కాబట్టి చక్కెర చిలకల మాటను పదిహేనులో పద్నాలుగింటికి పరిమితం చేసుకుంటున్నాను.

బారీ గారూ, ఒక చిన్న సందేహం. నాలుగు అక్షరాలే చూస్తే తెలుగులో మాటలు ఒకదానితో ఒకటి ఢీకొనలేదా? రాయి అన్నది రాతిని అయినప్పుడు మొదలే మారిపోతుంది కదా?

బారీ_దరి

మారిపోతుంది. రాయి, రాతి రెండింటినీ పట్టికలో వేర్వేరుగా చేర్చి ఒకే సంఖ్య ఇచ్చాను. పర్యాయపదాల కోసం ఉన్న సదుపాయం అది. ఇల్లు, ఇంటి కూడా అంతే. ఢీకొన్నవి లేకపోలేదు. తాళం, తలపాగా ఒకటయ్యాయి కనుక రాజుగారికి కిరీటం పెట్టవలసి వచ్చింది. పెద్ద చిక్కు చేపతో వచ్చింది. ఏటి దగ్గర జాలరి చేప ఇస్తాడు, గుడి మెట్ల దగ్గర చెప్పులు విడవాలి. రెండూ సి, హెచ్, ఇ, పి. రెండోసారి చేర్చబోతే యంత్రం ఒప్పుకోలేదు. ఒకే మాటగా ఉంచేస్తే, అమ్మమ్మ గుడి ముందు 'చెప్పులు విడువు' అనగానే చేతిలోని చేపను మెట్ల మీద పడేసింది. ఆవిడ చాలాసేపు నవ్వి, 'మన వైపు దాన్ని చాప అనే అంటార్రా, అలాగే రాయి' అంది. గోదావరి యాసలో ఒక అక్షరం మారింది, పట్టిక ఒప్పుకుంది. ఆటలో ఎవరూ పడుకునే పని లేదు కనుక చాపతో మరో తగాదా రాలేదు.

పలకాబలపం

ఆ క్యాసెట్ ఉన్నదా?

బారీ_దరి

లేదు. దాని మీద తరువాత ఎవరో పాటలు రికార్డు చేశారు. పట్టికలు రాసుకున్న నోటుపుస్తకంలో నాలుగు పేజీలు మిగిలాయి: గదుల పటం, మాటల సంఖ్యలు, మర్రితొర్ర వర్ణన. ఎమ్యులేటర్‌లో క్విల్ తెరిచి ఈ వారం ఆ మాటలు ఎక్కిస్తాను. ఏటి నుంచి గుడికి వెళ్లే దారి పటంలో చెరిగిపోయింది. అది మాత్రం కొత్తగా వేయాలి.